దక్షిణదేశపు కచేరీలు: గాలి, వెలుతురు, ఆసనము

ఒక రాజ్యముయొక్క ఘనతను కొలుచుటకు కోటలను, దేవాలయములను, శాసనములను పరిశీలించుట చరిత్రకారులకు పరిపాటి. ఆ రాజ్యపు లెక్కలు వ్రాసినవాడు ఎచ్చట కూర్చుండెను, అతని వ్రాతపై వెలుతురు ఏ దిక్కునుండి పడెను, నడివేసవి మధ్యాహ్నమున అతనికి గాలి ఎట్లు తగిలెను అను ప్రశ్నలను అడిగినవారు తక్కువ. తెలుగువారి చరిత్రలో ఈ ప్రశ్నలు ఉపేక్షింపదగినవి కావు. ఆంధ్రదేశమునకు వెలుపల కన్నడ, తమిళ, మహారాష్ట్ర సీమలలో తరతరములుగా నిలిచిపోయిన తెలుగువారిలో కత్తి పట్టి రాజ్యములు స్థాపించినవారు కలరు. నాగలి పట్టి నల్లరేగళ్లను సాగుచేసినవారు కలరు. వారితోపాటు గంటము పట్టి, కలము పట్టి, మగ్గముపై నాడె పట్టి బ్రదికినవారును కలరు. వీరి జీవితమున పెద్ద భాగము గడచినది పనిచోటనే. ఆ పనిచోటు సుఖకరముగా నుండినచో జీవితము సుఖకరము. కాకున్నచో ఇంటికి తెచ్చిన జీతము ఆ కష్టమును తీర్చజాలదు.

ఉద్యోగులు సంతోషముతో పనిచేయదగిన కార్యాలయమును ఎట్లు కట్టవలెను, ఎట్లు అమర్చవలెను అను చర్చ ఈ కాలమున పుట్టినదని పలువురు తలంతురు. దక్షిణదేశపు కచేరీల చరిత్రను చూచినచో ఆ చర్చ మిక్కిలి ప్రాచీనమని తెలియును. ఆ చరిత్ర తెలుపు సత్యము ఒక్కటే: కట్టడము ఘనముగా నుండుట వేరు, అందు పనిచేయువానికి అనువుగా నుండుట వేరు.

విజయనగరపు దివాన్‌ఖానా

దక్షిణదేశమున ఒక ప్రభుత్వ కార్యాలయమును కన్నులార చూచి వర్ణించిన వారిలో పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ ముఖ్యుడు. అతడు తైమూరు వంశీయుడగు షారుఖ్ పక్షమున 1443లో విజయనగరమునకు వచ్చెను. అప్పటి ప్రభువు రెండవ దేవరాయలు. శ్రీనాథునికి కనకాభిషేకము చేసిన ప్రౌఢదేవరాయలుగా తెలుగువారు స్మరించునది ఈతనినే. రాజమందిరమునకు కుడివైపున మంత్రియొక్క కచేరీ యుండెననియు, అది నలువది స్తంభముల మంటపమువలె విశాలమైనదనియు అబ్దుర్ రజాక్ వ్రాసినాడు. ఆ మంటపము ముందర మనిషి ఎత్తునకు మించిన ఎత్తున, 30 గజముల పొడవు, 6 గజముల వెడల్పు గల ఒక వేదిక యుండెను. దప్తరములు ఉంచుట, వ్రాయసకాండ్రు కూర్చుండుట ఆ వేదికమీదనే.

ఈ చిన్న వర్ణనలో గ్రహింపవలసినది మిక్కిలి కలదు. వ్రాయువారిని మంటపపు లోపలి చీకటిలో కూర్చుండబెట్టలేదు. ముందుభాగమున, పగటి వెలుతురు నేరుగా పడుచోట కూర్చుండబెట్టిరి. నేలకు ఎత్తుగా నుండుటచే తేమ తగులదు, గాలి తగులును. అర్జీలతో వచ్చిన జనుల త్రొక్కిడి వారిని బాధింపదు. దప్తరములు వ్రాసెడివారి చెంతనే యుండుటచే కావలసిన లెక్కకై లేచి దూరము పోవలసిన పనియు తగ్గును. కట్టించినవారు ఈ ప్రయోజనములన్నిటిని ముందుగా ఆలోచించిరో లేదో చెప్పుటకు ఆధారము లేదు. ప్రయోజనములు మాత్రము ఆ కట్టడపు తీరులోనే కన్పట్టుచున్నవి.

ఆ వ్రాయసకాండ్రు రెండు విధములుగా వ్రాసెడివారని కూడ ఆ రాయబారి గుర్తించినాడు. ఒకటి ఆకుపై ఇనుప గంటముతో వ్రాయుట. అతడు దానిని కొబ్బరియాకని భావించినాడు. అది తాటియాకే అయి యుండవలెను. రెండవది నల్లపరచిన తలముపై మెత్తని రాతితో తెల్లని అక్షరములు వ్రాయుట. తెలుగువారు కడితమని, కన్నడిగులు కడతమని పిలుచు వస్త్రగ్రంథ మిదియే. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి కలిపి పట్టించి, మడతలుగా మడచి, దానిపై బలపముతో వ్రాసెడివారు. శృంగేరి మఠపు పూర్వపు లెక్కలు ఇట్టి కడితములందే భద్రపరుపబడినవి. తాటియాకును ఎడమచేత పట్టుకొని వ్రాయవచ్చును గనుక ఆ వ్రాతకు బల్ల అక్కరలేదు. కడితమును ఒడిలోనో మోకాలిపైననో పరచుకొనవచ్చును. కావున ఆ కచేరీకి కావలసిన సామగ్రి చాప, గంటము, బలపము, దప్తరపు పెట్టె. పరికరము ఎట్టిదో ఆసనము అట్టిది. తరువాతి కాలమున కాగితము, సిరా వచ్చినపుడు నేలపై కూర్చుండి వ్రాయుటకు వాలుగానుండు పొట్టి వ్రాతబల్లయు దానితోపాటు వచ్చెను.

అయితే అదే వర్ణనలో మరియొక దృశ్యము కలదు. మంటపము నడుమ ఉన్నతాసనముపై దణ్ణాయకుడు ఒంటరిగా కూర్చుండి అర్జీలు వినుచుండగా, క్రింద ఇరువైపుల బెత్తములు పట్టినవారు వరుసలు తీరి నిలుచుండిరి. కూర్చుండుట అధికారమునకు గుర్తు, నిలుచుండుట సేవకు గుర్తు. వ్రాయసకానికి ఆసనము దొరకినది అతని పని నిలుచుండి చేయజాలనిది గనుకనే. ఈ భేదము దక్షిణదేశపు కచేరీలను తరువాతి ఐదు శతాబ్దులు వెంటాడినది.

కరణము అరుగు

రాజధానిలోని కచేరీ ఎట్లున్నను, పల్లెకు వచ్చుసరికి కచేరీ యనగా కరణముయొక్క ఇల్లే. భూమి కొలతలు, శిస్తు లెక్కలు, కవిలెకట్టలు అతని ఇంటనే యుండెడివి. కాలిన్ మెకంజీకై కావలి సోదరులు, వారి సహాయులు పల్లెపల్లె తిరిగి కైఫీయతులు సేకరించినపుడు వారికి ఆధారమైనవి ఇట్టి ఇండ్లలో దాచిన కవిలెలే. తమిళదేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములలోను కరణీకము వంశపరంపరగా నడచినవి కలవు.

ఆ ఇంటి వీధి అరుగు ఒక చక్కని కార్యాలయము. పై చూరు ఎండను ఆపును. వీధివైపు తెరచియుండుటచే వెలుతురు కొదువ లేదు. మట్టితోనో సున్నముతోనో మెత్తిన గోడ వేడిని త్వరగా లోనికి రానీయదు. అలసినపుడు ఒరగుటకు గోడయో స్తంభమో యుండును. దాహమైనపుడు కుండనీరు లోపలనే కలదు. చావడిలోనైనను చెట్టు నీడనైనను గ్రామకచేరీకి ఇవియే లక్షణములు. అయినను ఇక్కడను ఆ పాత భేదము పోలేదు. కరణము అరుగుపై కూర్చుండెను, రైతు వీధిలో నిలుచుండెను. తమిళనాడున 1980లో, ఆంధ్రప్రదేశమున 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి. ఆ రద్దుతో అరుగుమీది కచేరీ ముగిసి, పంచాయతీ భవనములందలి గదులు దాని స్థానమును పొందినవి. వంశహక్కు పోవుట న్యాయమే. నీడ, గాలి, వెలుతురు అను అరుగు సుగుణములను క్రొత్త గదులు ఎంతవరకు నిలుపుకొన్నవి యనునది వేరు ప్రశ్న.

రాజమందిరములు కచేరీలైన తీరు

ఆంగ్లేయుల పాలన స్థిరపడిన పిమ్మట కాగితము పెరిగెను, గుమాస్తాలు పెరిగిరి, వారికి చోటు కావలసివచ్చెను. క్రొత్త భవనములు కట్టుటకంటె పాత రాజమందిరములను వాడుకొనుట సులభమని పాలకులు పెక్కుచోట్ల తలంచిరి. తెలుగువారి చరిత్రతో సంబంధము గల మూడు ఉదాహరణములు ఇందుకు చాలును.

మొదటిది మధుర. తెలుగు నాయకరాజులలో ప్రఖ్యాతుడగు తిరుమల నాయకుడు (1623-1659) 1636లో కట్టించిన మహలు ఇటుక, సున్నపుగచ్చుల పనితనమునకు పేరొందినది. అతని మనుమడు చొక్కనాథ నాయకుని కాలమున ఇందలి భాగములు తొలగింపబడి తిరుచిరాపల్లికి తరలిపోయినవి. మిగిలిన భాగమును మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ (1866-1872) మరమ్మతు చేయించెను. తరువాత జిల్లా న్యాయస్థానము 1970 వరకు ఈ మహలులోనే నడచినది. తెలుగు ప్రభువుల కొలువుకూటము కక్షిదారుల, వకీళ్ల, గుమాస్తాల చోటైనది.

ఆ స్తంభముల ఎత్తును, కమానుల వైశాల్యమును చూచి ఆశ్చర్యపడని యాత్రికుడు లేడు. కాని ఆ కొలువుకూటము కాగితముపై చిన్న అక్షరములు వ్రాయుటకు కట్టినది కాదు. రాజు ఘనముగా కన్పట్టుటకు, జనులు దూరమునుండి చూచి తలవంచుటకు కట్టినది. అట్టి చోట వ్రాతబల్ల వెలుతురును వెదకుకొని పోవలసినదే. వెలుతురు దానిని వెదకుకొని రాదు. సాక్షి పలికిన మాట ఎత్తైన కప్పుక్రింద ప్రతిధ్వనులలో చెదరిపోవును.

రెండవది మద్రాసు నగరమందలి చేపాక్ మహలు. ఇది 1768లో ఆర్కాటు నవాబునకై కట్టినది. 1855లో నవాబు పదవి అంతరించిన పిమ్మట ప్రభుత్వమువారు దీనిని తీసికొని రెవెన్యూ బోర్డు మొదలగు కార్యాలయములకు ఇచ్చిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు సర్కారు జిల్లాల, రాయలసీమ జిల్లాల భూమిశిస్తు వ్యవహారములు ఈ నగరమునుండియే నడచినవి. మద్రాసులో స్థిరపడిన తెలుగు గుమాస్తాల కుటుంబములకు ఆ రోజులు మరపురానివి. చేపాక్ మహలులోని ఖలాస్ మహల్ భాగము 2012 జనవరిలో అగ్నికి ఆహుతియై, దూలములపై నిలిచిన పాత కప్పు కూలి, ఒక అగ్నిమాపకోద్యోగి ప్రాణము కోల్పోయెను. తరువాత అది పునరుద్ధరింపబడినది. నివాసమునకు కట్టిన ప్రాచీన భవనమున నేటి కార్యాలయపు కాగితములు, విద్యుత్తు తీగలు నింపునపుడు ఎంత జాగరూకత కావలెనో ఈ దుర్ఘటన తెలిపినది.

మూడవది బెంగుళూరు కోటలోని టిప్పుసుల్తాను మహలు. 1791లో ముగిసిన ఈ కొయ్యకట్టడమును మైసూరు కమిషనర్లు 1831నుండి 1868 వరకు సచివాలయముగా వాడిరి. సన్నని కొయ్యస్తంభముల ఈ మహలు ఒక రాజు వేసవి విడిదికి మిక్కిలి తగినది. పెరుగుచున్న శాఖలకు, వాని దప్తరములకు చాలునది కాదు.

పదునెనిమిది శాఖల ఇల్లు

ఈ ఇరుకునుండి పుట్టినదే బెంగుళూరి అట్టారా కచేరీ. బౌరింగు కమిషనరుగా నుండిన కాలమున 1864లో ప్రారంభమై 1868లో పూర్తియైన ఈ భవనమునకు ఆ పేరు వచ్చుటకు కారణము అందు పదునెనిమిది శాఖలు చేరుటయే. హిందూస్థానీలో 'అఠారహ్' అనగా పదునెనిమిది. దీనిని నిర్మించిన గుత్తదారు ఆర్కాటు నారాయణస్వామి మొదలియారు. బెంగుళూరు, కోలారు, బళ్లారి ప్రాంతములందు తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ ఎర్రని భవనము చిరపరిచితము.

ఈ భవనముయొక్క విశేషము దాని రంగులోను, నడుమను రెండు కొసలను గల అయోనిక్ స్తంభముల ముఖమంటపములలోను మాత్రమే లేదు. ఇది ఆరంభమునుండి కచేరీకై కట్టిన కచేరీ. పొడవుగా, వెడల్పు తక్కువగా సాగిన రెండంతస్తుల కట్టడమగుటచే లోపలి గదులకు గాలి వెలుతురులు అందుట సులభము. స్తంభముల వసారాలు ఎండను, వానను గోడకు దూరముగా నిలుపును. ఒక శాఖనుండి మరియొక శాఖకు కాగితము పోవలెనన్న ఊరు దాటనక్కరలేదు. విజయనగరపు వేదికలో కన్పట్టిన సూత్రములే ఇక్కడ మరల కన్పట్టుచున్నవి: వెలుతురు చెంత వ్రాత, వ్రాత చెంత దప్తరము.

1956లో విధానసౌధము పూర్తియైన పిమ్మట సచివాలయము అచ్చటికి తరలినది. అట్టారా కచేరీలో ఉన్నత న్యాయస్థానము స్థిరపడినది. 1980 తరువాతి సంవత్సరములలో దీనిని పడగొట్టు ఆలోచన రాగా పౌరులు అడ్డుకొని నిలిపిరి. ఎదుటనున్న విధానసౌధముపై ప్రభుత్వపు పని దైవకార్యమని చెక్కియున్నది. పని దైవకార్యమైనచో, ఆ పనిచేయువాని ఆసనమును గూర్చి శ్రద్ధ వహించుటయు ఆ దైవకార్యములోని భాగమే కావలెను.

పంఖా త్రాడు

పందొమ్మిదవ శతాబ్దపు కచేరీలో కుర్చీ, మేజా ప్రవేశించినవి. పొట్టి వ్రాతబల్లయెదుట పద్మాసనము వేసికొని వ్రాయుటకు అలవడిన దేహము వ్రేలాడు కాళ్లతో వ్రాయుట నేర్చుకొనవలసివచ్చెను. చిరకాలము దొరగారికి కుర్చీ, గుమాస్తాకు చాప. పిదప గుమాస్తాకును కుర్చీ, బంట్రోతునకు గుమ్మము. కుర్చీ సౌకర్యముగా రాకముందు హోదాగా వచ్చినది.

వేసవిలో గుమ్మములకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లెడివారు. కప్పునుండి వ్రేలాడు గుడ్డ పంఖాను త్రాటితో లాగుటకు ఒక మనిషి వసారాలో కూర్చుండెడివాడు. లోపలివారి చెమట ఆరుటకు వెలుపల ఒకడు చెమటోడ్చెను. ఇరువదవ శతాబ్దమున విద్యుత్ పంఖా వచ్చి ఆ త్రాటిని తెంచినది. యంత్రము మనుష్యుని శ్రమను ఇంత స్పష్టముగా తీసివేసిన సందర్భములు కచేరీ చరిత్రలో అరుదు. ఒక కార్యాలయము సుఖకరమైనదా కాదా అని తెలిసికొనుటకు అధికారి గదిని చూచుట చాలదు. వసారాలో కూర్చున్నవాని స్థితిని చూడవలెను.

మగ్గపు గుంట, పదునాలుగు అడుగుల కప్పు

కచేరీకి సంబంధించిన ఈ మాట నేతగానికి మరింత వర్తించును. తెలంగాణమునుండి వలసపోయి సోలాపురమున స్థిరపడిన పద్మశాలీలకు ఇల్లే పనిచోటు. వారి గుంటమగ్గము ఆసనశాస్త్రమున ఒక చిన్న పాఠము. నేతగాడు నేలయంచున కూర్చుండును. కాళ్లు గుంటలో దిగియుండి పలకలను త్రొక్కును. చేతులు పడుగు ఎత్తునకు సరిగా అందును. ఈ కొలతలు ఏ వాస్తుగ్రంథమునుండి వచ్చినవి కావు. కూర్చుండువాని కాలిపొడవునుబట్టియు, చేతిపొడవునుబట్టియు వచ్చినవి. ఆ గుంటలోని తేమ నూలు తెగకుండ కాపాడును. ఏండ్ల తరబడి అందుంచిన కాళ్లకు మాత్రము ఆ తేమ మేలు చేయదు. చేతిమగ్గములు పోయి మరమగ్గములు వచ్చిన తరువాత ఆసనమే పోయినది. మరమగ్గముచెంత పనివాడు నిలుచుండియే యుండవలెను. చప్పుడు, దూది ధూళి అతనికి అదనము. బీడీలు చుట్టు స్త్రీలు చేటను ఒడిలో పెట్టుకొని నేలపై గంటల తరబడి వంగి కూర్చుండవలెను.

స్వతంత్ర భారతమున 1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టము పనిచోటును గూర్చి స్పష్టమైన కొలతలు విధించినది. చట్టము వచ్చిన తరువాత కట్టిన కర్మాగారములో ఒక్కొక్క పనివానికి 500 ఘనపుటడుగుల చోటుండవలెను. నిలుచుండి పనిచేయువారికి, అవకాశము దొరకినపుడు కూర్చుండుటకు, ఆసనములుండవలెను. 250 మందికి మించినచోట ఫలహారశాల యుండవలెను. అందులో ఒక నియమము విశేషముగా గమనింపదగినది: చోటును లెక్కించునపుడు నేలనుండి 14 అడుగులకు పైనున్న భాగమును లెక్కలోనికి తీసికొనరాదు. కొలువుకూటపు కప్పు ఎంత ఎత్తుగానున్నను, ఆ ఎత్తు పనివాని వాటాలోనికి రాదన్నమాట. రాజమందిరపు కొలతకును, కార్యశాల కొలతకును గల భేదమును ఇంతకంటె సూటిగా చెప్పిన వాక్యము కట్టడముల చరిత్రలో దొరకుట కష్టము.

అయితే విద్యుత్తు వాడుచోట పదిమందికి, వాడనిచోట ఇరువదిమందికి తక్కువైన పనిశాలలు సాధారణముగా ఆ చట్టపు నిర్వచనములోనికి రాలేదు. ఇంటిలో నడచు మగ్గము, ఇంటిలో చుట్టు బీడీ ఆ కొలతలకు వెలుపలనే నిలిచినవి. 2020 నాటి వృత్తిభద్రతా సంహిత ఆ చట్టపు స్థానమున నిలిచినది. చట్టములు మారినను, పేరుపడని చిన్న పనిచోటునకు గాలి, వెలుతురు, ఆసనము ఎవరు కల్పింపవలెనను ప్రశ్న మారలేదు.

కూర్చుండు హక్కు

దణ్ణాయకుని యెదుట వరుసలు తీరి నిలుచున్నవారి దృశ్యము పెద్ద వస్త్రాలయములందు ఇటీవలివరకు కన్పట్టినది. కొనువారు వచ్చినను రాకున్నను, అమ్మకపు పనివారు ప్రొద్దుటినుండి రాత్రివరకు నిలుచుండుట ఆచారమైపోయెను. కేరళరాష్ట్రము 2018లోను, తమిళనాడు 2021లోను తమ దుకాణముల చట్టములను సవరించి, ఉద్యోగులకు కూర్చుండుటకు ఆసనములు కల్పించుట యజమానుల విధిగా చేసినవి. చెన్నపట్టణపు దుకాణములలో యజమానులుగాను పనివారుగాను ఉన్న తెలుగువారికి ఈ సవరణ సమానముగా వర్తించినది. అబ్దుర్ రజాక్ చూచిన కచేరీకిని ఈ సవరణకును నడుమ 578 సంవత్సరములు గడచినవి. ఒక పీట వేయుటకు ఇంత కాలము పట్టినది. ఇంటికి వచ్చిన అతిథికి మొదట పీటవేయు జాతికి ఈ ఆలస్యము ఆలోచింపదగినది.

సంఘముల కర్తవ్యము

ఈ చరిత్రనుండి ప్రవాసాంధ్ర సంఘములు గ్రహింపదగినది కలదు. సంఘభవనము కట్టునపుడు సభామంటపమునకు, వేదికకు, ముఖద్వారపు శిల్పమునకు విరాళములు సులభముగా వచ్చును. కార్యాలయపు గది మెట్లక్రింద మిగులును. గ్రంథాలయము కిటికీ లేని మూలకు చేరును. మంటపములో సంవత్సరమునకు కొన్ని దినములు సభలు జరుగును. ఆ చిన్న గదిలో ఒక గుమాస్తా సంవత్సరమంతయు పనిచేయును.

కావున కట్టుటకు ముందే పనిచేయువానిని అడుగుట ఉత్తమము. అతని బల్ల కిటికీకి ప్రక్కగానుండి, వ్రాయుచేతి నీడ కాగితముపై పడకుండ ఎడమవైపునుండి వెలుతురు రావలెను. ఎడమచేత వ్రాయువానికి కుడివైపునుండి రావలెను. గాలి ఒకవైపున వచ్చి ఎదుటివైపున పోవుటకు దారియుండవలెను. పాదములు నేలకు ఆనునట్లు కుర్చీయెత్తు అమరవలెను. దినమునకు పదిమారులు కావలసిన పుస్తకము చేతికందు ఎత్తుననే యుండవలెను. త్రాగునీరు, మరుగుదొడ్డి, కొంతసేపు విశ్రమించు చోటు దగ్గరనుండవలెను. వీనిలో ఏదియు అధికవ్యయముతో కూడినది కాదు. బల్ల ఎచ్చట వేయవలెనో పనివానినే నిర్ణయింపనిచ్చినచో వ్యయము అసలే లేదు. అతని సంతోషము మాత్రము ఇనుమడించును.

తిరుమల నాయకుని మహలు చూచుటకు నేడును జనులు వచ్చుచున్నారు. అది తెలుగువారి కీర్తి. విజయనగరపు వ్రాయసకాండ్ర వేదిక ఆనవాలు అబ్దుర్ రజాక్ వ్రాతలో మాత్రమే మిగిలినది. అయినను ఆ వేదికపై గాలికి, వెలుతురునకు ఎదురుగా కూర్చుండి, దప్తరము చేతికందగా లెక్కలు వ్రాసిన పేరు తెలియని వ్రాయసకాని సుఖముకూడ ఒక కీర్తియే. మొదటి కీర్తిని మరల సంపాదించుటకు రాజ్యములు కావలెను. రెండవదానిని సంపాదించుటకు ఒక కిటికీ, ఒక మంచి ఆసనము, పనివానిపై కొంచెము ఆదరము చాలును.